ముందు పరికరం, తర్వాతే డ్రైవర్

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఇప్పుడన్నీ ఆటోమేటిక్ కదా మేడమ్, ఇంక మనకు పనేం ఉంటుంది?" అని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేస్తూ జుట్టు నెరిపించుకున్నదాన్ని. ఆటోమేటిక్ అనే మాటను నమ్మి బుర్ర పక్కన పెట్టినవాళ్లు చేసిన నష్టాన్ని సర్దడంలోనే నా ఉద్యోగం సగం గడిచింది. మిగతా సగం ఆ నష్టం చేసినవాళ్లకు బాసులుగా ఉన్నవాళ్లతో పోట్లాడటంలో గడిచింది.

అందుకే ఇది రాస్తున్నాను. నాకెప్పుడు జీతం పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అనే సంగతులు ఇందులో ఉండవు. కోపం మాత్రం ఉంటుంది. రిటైరయ్యాక తగ్గుతుందన్నారు కానీ తగ్గలేదు.

స్విచ్ వేసిన తర్వాత

నేను చేరిన రోజుల్లో ఏ కార్డునూ కంప్యూటర్ తనంతట తాను గుర్తుపట్టేది కాదు. కార్డు మీద చిన్న చిన్న పిన్నులుండేవి. వాటికి ప్లాస్టిక్ టోపీలు తొడిగి, దేనికి ఏ నంబరో మనమే పంచిపెట్టాలి. సౌండ్ కార్డుకీ మోడెమ్‌కీ ఒకే నంబరు పడిందంటే ఇద్దరు తోడికోడళ్లకు ఒకే పొయ్యి ఇచ్చినట్టే. పాట పెడితే ఇంటర్నెట్ తెగిపోయేది. ఇంటర్నెట్ కలిపితే పాట ఆగిపోయేది. పెట్టె విప్పడం, టోపీ మార్చడం, మూయడం, మళ్లీ విప్పడం. ఆ పనిలో నా గోళ్లు ఎప్పుడూ సగం విరిగే ఉండేవి.

తర్వాత ఆ బాధ తీరింది. ఇప్పుడు స్విచ్ వేయగానే మెషీన్ ప్రతి పరికరాన్నీ పలకరిస్తుంది. ఇల్లు కిరాయికి అడగవచ్చినవాళ్లను ఓనరు "ఎవరు మీరు, ఏ ఊరు, ఏం పని" అని అడుగుతాడే, అలా. పరికరం తనను చేసిన కంపెనీ నంబరూ తన మోడల్ నంబరూ చెబుతుంది. ఆ నంబర్లకు సరిపోయే డ్రైవర్ కోసం విండోస్ తన దగ్గర వెతుకుతుంది. డ్రైవర్ అంటే మరేం లేదు, ఆ పరికరంతో ఎలా మాట్లాడాలో తెలిసిన చిన్న ప్రోగ్రాం. దొరికితే ఎక్కించుకుంటుంది. దొరకకపోతే డివైస్ మేనేజర్ అనే తన పరికరాల జాబితాలో ఆ పేరు పక్కన పసుపు గుర్తు పెట్టి ఊరుకుంటుంది.

ఇంకొకటి కూడా ఉంది. అసలు పలకరింపుకు పరికరం బదులే ఇవ్వకపోవడం. వైరు ఊడిపోయినా, కార్డు చచ్చిపోయినా, ఎవరైనా దాన్ని సెట్టింగులో ఆపేసినా ఇంతే. అప్పుడు పేరూ ఉండదు, పసుపు గుర్తూ ఉండదు. విండోస్ లెక్కలో అలాంటి పరికరం పుట్టనే లేదు. దానికి లోకంలోని డ్రైవర్లన్నీ తెచ్చి ఎక్కించినా ఉపయోగం లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది వ్యవహారం. ఈ ఒక్క ముక్క తెలియక మన దగ్గర పాడైన పనులు చూస్తే ఏడుపొస్తుంది.

"ఫార్మాట్ కొట్టు"

నా మొదటి బాసు నర్సింహారెడ్డి గారు. ఇక్కడి పాత ఊరివాళ్లు. పొలాలు కాస్తా షాపులైపోయాక, తమ సొంత బిల్డింగులోనే పై అంతస్తులో సర్వీస్ సెంటర్ పెట్టారు. మనిషి మంచివారే. చాయ్ తాగించకుండా ఎవరినీ మెట్లు దిగనివ్వరు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని, నా మాట తీరును వెక్కిరిస్తూనే నన్ను సొంత చెల్లెలిలా చూసుకున్నారు. అయితే ఆయనకు కంప్యూటర్ వైద్యంలో తెలిసిన మందు ఒకటే.

"ఫార్మాట్ కొట్టు."

ప్రింటర్ పనిచేయకపోయినా, మౌస్ కదలకపోయినా, తెర మసకగా ఉన్నా అదే. ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేస్తే అన్నీ ఆటోమేటిక్‌గా వచ్చేస్తాయని ఆయన నమ్మకం. కొన్నిసార్లు వచ్చేవి కూడా. దాంతో నమ్మకం ఇంకా గట్టిపడేది.

కొత్తపేటలో పెళ్లిళ్ల వీడియోలు తీసే ఆయన ఒకరుండేవారు. ఒకరోజు తన మెషీన్ మోసుకొచ్చారు. కెమెరా నుంచి వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్డు కనబడటం లేదన్నారు. నేను ఎవరింటికో రిపేరుకని బయటకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఫార్మాట్ అయిపోయింది. కార్డు ఇంకా కనబడలేదు. పెట్టె విప్పి చూస్తే అది స్లాట్‌లో సరిగ్గా కూర్చోలేదు. ఎప్పుడో మెషీన్‌ను చోటు మార్చినప్పుడు కుదుపుకు పైకి లేచినట్టుంది. బొటనవేలితో నొక్కాను, టక్కుమంది. స్విచ్ వేస్తే దానంతట అదే పలికింది.

కానీ లోపలున్న పెళ్లి పోయింది. కెమెరా టేపు మీద అప్పటికే వేరే పెళ్లి ఎక్కించేశారట. మర్నాడు పెళ్లికూతురి తండ్రి వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు.

"ఏందన్నా, పెండ్లి మల్ల చెయ్యమంటవా? మా అమ్మ గా వీడియోల ఉండె. ఇప్పుడు మా అమ్మ లేదు. యాడికెల్లి తెస్తవ్?"

రెడ్డిగారు తల దించుకున్నారు. చాయ్ తెప్పించారు. ఆయన ముట్టుకోలేదు. ఆ సాయంత్రం నేను ఉద్యోగం మానేస్తానని చెప్పాను. ఇకపై పెట్టె విప్పి చూడకుండా ఎవరూ ఫార్మాట్ చేయకూడదని ఆయన మాటిచ్చాకే ఉన్నాను. ఆ మాట వారం నిలిచింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం మన వృత్తిలో ఇప్పటికీ చికిత్స కిందే చెల్లుతోంది.

"ఇంజనీర్ సార్ ఎప్పుడొస్తడు?"

ఆడపిల్లలు ఈ పనిలోకి వస్తున్నారని విని సంతోషించాను. వాళ్లకొక మాట. నేను బ్యాగు తగిలించుకుని వెళ్తే "సార్ ఎప్పుడొస్తడమ్మా?" అని అడగని ఇల్లు తక్కువ. మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. తర్వాత తర్వాత "సార్ రాడండీ, సార్‌కి పని నేర్పింది నేనే" అనడం మొదలుపెట్టాను. అది అబద్ధం కాదు. మీరూ మొహమాటపడకండి. మొహమాటం వల్ల ఎవరి కంప్యూటరూ బాగవదు.

తెలియనిది తెలియదని చెప్పండి. మగవాళ్లకు ఈ మాట పలకడానికి నోరు రాదు. చెప్పలేక ఏదో ఒకటి నొక్కుతారు.

డీవీడీ భక్తులు

మధ్యలో ఒక కాలం వచ్చింది. అన్ని డ్రైవర్లూ ఒకే డీవీడీలో. ఎవరు తయారుచేశారో తెలియదు, ఎక్కడ పుట్టిందో తెలియదు, కానీ ప్రతి టెక్నీషియన్ జేబులో ఉండేది. పెడితే చాలు, అదే వెతికి అదే వేస్తుందట. అది డ్రైవర్లతోపాటు ఎవరూ అడగని చెత్తను కూడా ఎక్కించేది. ఉన్న మంచి డ్రైవర్‌ను తీసి, పేరు దగ్గరగా ఉన్న ఇంకోదాన్ని వేసేది. బాగున్న తెర వంకరపోయి, మనుషులు లావుగా కనబడేవారు. "గంతే ఉంటది మేడమ్, అడ్జస్ట్ అయిపోతది" అనేవాళ్లు మావాళ్లు. ఎవరు అడ్జస్ట్ అవ్వాలి? మానిటరా, మనుషులా?

డీవీడీ పోయి ఇప్పుడు అదే సరుకు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. భక్తి తగ్గలేదు. నేను చెప్పేదొకటే. ముందు డివైస్ మేనేజర్ తెరవండి. పరికరం పేరుందా, లేదా చూడండి. చూడటానికి నిమిషం పట్టదు, అయినా ఎవరూ చూడరు.

ఎల్బీనగర్ ల్యాబ్‌లో

ఇప్పుడు చెప్పబోయేది నేను రిటైరయ్యాక జరిగింది.

మేముండేది మీర్‌పేట్‌లో. మా పక్కింట్లో రేణుక అనే అమ్మాయి ఉంటుంది. డిగ్రీ చదివింది. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఉంటుంది కదా, దాంతో కంప్యూటర్ వాడుతుంది. పొద్దున్నే ఆ ప్రోగ్రాం గొంతు మా వంటింట్లోకి వినిపించేది. ఎంత వేగంగా పెట్టుకుంటుందంటే, నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ వేగంలోనే విని, ఆ వేగంలోనే టైప్ చేస్తుంది.

ఒక కంపెనీలో ఉత్తరాలకు జవాబులు రాసే ఉద్యోగానికి ఆమెకు పరీక్ష పడింది. అంతకుముందు చాలాచోట్ల గేటు దగ్గరే "మేం కబురు చేస్తాంలే" అని పంపేశారు. కూర్చోబెట్టి పరీక్ష పెడతామన్నది వీళ్లే. పైగా వయసు హద్దు ఈ ఏడాదితో దాటిపోతుంది. ఇది పోతే మళ్లీ రాయడానికి లేదు. ఆమె తమ్ముడికి డ్యూటీ ఉండటంతో నేనే తోడు వెళ్లాను. షేర్ ఆటోలో దారిపొడవునా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పరీక్ష ఎల్బీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో. గేటు దగ్గర చూస్తే మా నర్సింహారెడ్డి గారు! సర్వీస్ సెంటర్ మూసేసి ఇది పెట్టారట. ల్యాబ్‌ను పరీక్షలకు కిరాయికి ఇస్తారట. ఆయన నన్ను చూసి మురిసిపోయారు. రేణుకను లోపలికి పంపి బయట కుర్చీలో కూర్చున్నానో లేదో, ఆయనే పరుగెత్తుకుంటూ వచ్చారు.

"వసుంధరమ్మా, జర లోపలికి రా. గా పిల్ల సిస్టంల సౌండ్ ఒస్తలేదు. మా టెక్నీషియన్ పరేషాన్ అయితుండు."

లోపల మిగతావాళ్లంతా టకటకా కొడుతున్నారు. రేణుక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన టెక్నీషియన్ సౌండ్ డ్రైవర్‌ను మళ్లీ మళ్లీ ఎక్కిస్తున్నాడు. ప్రతిసారీ "అయిపోయింది, ఇప్పుడు చూడండి" అంటున్నాడు. ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపుతోంది.

డివైస్ మేనేజర్ తెరిపించాను. సౌండ్ పరికరం పేరే లేదు. పసుపు గుర్తు కూడా లేదు.

"దీన్ని బయోస్‌లో ఎవరో ఆపేశారు" అన్నాను. బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగు. అక్కడ ఆపేస్తే ఆ తర్వాత లేచే విండోస్‌కు దాని ఊసే తెలియదు.

రెడ్డిగారు మెడ గోక్కున్నారు. "నేనే ఆపిచ్చినమ్మా. పోరగాండ్లు చదువుడు బంద్ వెట్టి పాటలు ఇంటున్నరు. అన్నిట్ల తీసేయమన్న. మల్ల ఆన్ చేసుకోకుంట పాస్‌వర్డ్ గూడ వెట్టిచ్చిన."

"పాస్‌వర్డ్ ఏంటండీ?"

"గది వెట్టినోడు పని ఇడిసి పోయిండు. ఫోన్ ఎత్తుతలేడు."

పెట్టె విప్పి లోపలి బ్యాటరీ తీస్తే పాస్‌వర్డ్ పోతుంది. స్క్రూడ్రైవర్ అడిగాను. ఇంతలో కంపెనీ తరఫున వచ్చిన పరీక్ష అధికారి అడ్డం వచ్చారు. మెడలో కార్డు, నలగని చొక్కా.

"క్యాబినెట్లకు సీల్ వేశామండీ. పరీక్ష అయ్యేదాకా తెరవడానికి వీల్లేదు."

"అయితే ఇంకో మెషీన్ ఇవ్వండి."

"అన్నీ గంతేనమ్మా" అన్నారు రెడ్డిగారు, నేల చూస్తూ.

యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒకటుంటే చాలు. దానిలోనే దాని సౌండ్ కార్డు ఉంటుంది, బయోస్‌లో ఆపింది దానికి తగలదు. దాని డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది. రెడ్డిగారి గదిలోకి వెళ్లి, ఆయన ఆన్‌లైన్ మీటింగులకు వాడుకునేది తెచ్చాను. "అది నాదమ్మా, కొత్తది" అంటున్నా ఆగలేదు. తీరా పెట్టబోతే మెషీన్‌కు పెట్టే చోటు లేదు. పెన్ డ్రైవులు పెడతారని అన్ని యూఎస్‌బీ రంధ్రాల్లోనూ గమ్ పోసి మూసేశారు! కీబోర్డుకొకటి, మౌస్‌కొకటి వదిలారు. గోరుచుట్టుపై రోకలిపోటు.

హెడ్‌సెట్ చేత్తో పట్టుకుని వాళ్లవైపు తిరిగాను. మాట్లాడుతుందేమోనని మెషీన్ నోరు కుట్టారు. చెయ్యి చాపుతుందేమోనని చేతులు విరగ్గొట్టారు. కుట్టినవాడు పాస్‌వర్డ్ తనతో పట్టుకుపోయి ఊరేగుతున్నాడు. వీళ్లా పిల్లలకు కంప్యూటర్ నేర్పేది? ఈ మాటలు అక్కడే, అందరికీ వినబడేలా అన్నాను. రాస్తున్నవాళ్లు తలలెత్తి చూశారు.

అప్పుడు రేణుక నోరు విప్పింది.

"మేడమ్, నాకు మౌస్ ఎందుకు?"

నిజమే కదా. ఆమె జీవితంలో మౌస్ ముట్టుకోలేదు. అన్నీ కీబోర్డుతోనే. వైరు వెనకాల తడుముకుని, మౌస్ ఆమే పీకేసింది. ఆ చోట హెడ్‌సెట్ పెట్టాం. అధికారి "బయటి పరికరాలు పెట్టకూడదు" అనబోయారు.

"చూపు లేనోళ్లు హెడ్‌సెట్ తెచ్చుకోవచ్చని మీరు పంపిన హాల్‌టికెట్‌లనే ఉంది సార్. మా తమ్ముడు సదివి చెప్పిండు" అంది రేణుక.

చదివి వినిపించే ప్రోగ్రాం మొదటి నుంచి లేవాలని మెషీన్ ఆపి మళ్లీ స్విచ్ వేశాం. విండోస్ లేచింది. మాకెవరికీ ఏమీ వినబడలేదు, హెడ్‌సెట్ ఆమె చెవులకే ఉంది. ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాం. ఒక్కసారిగా ఆమె భుజాలు కిందికి దిగాయి.

"ఒచ్చింది మేడమ్. మాట్లాడుతుంది."

రెడ్డిగారు చేతులెత్తి దండం పెట్టారు, ఎవరికో నాకు తెలియదు. కానీ పరీక్ష గడియారం ఈ మెషీన్‌లో కాదు, కంపెనీ సర్వర్‌లో నడుస్తోంది. అప్పటికే సగానికి పైగా సమయం కరిగిపోయింది.

"ఆమె టైం మొదటి నుంచి పెట్టండి" అన్నాను.

"కుదరదండీ" అన్నారు అధికారి. కోపంగా కూడా కాదు, బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు. "సిస్టం ఆన్‌లోనే ఉంది. కీబోర్డు పనిచేస్తోంది. ప్రశ్నలు స్క్రీన్ మీద కనబడుతూనే ఉన్నాయి. సౌండ్ ఒక్కటే రాలేదు. దాన్ని మెషీన్ పాడైనట్టు లెక్కవేయలేం. ఉన్న టైంలో ఎంత వీలైతే అంత రాయమనండి."

నేను నోరు తెరిచాను. రేణుక నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. హెడ్‌సెట్ తీసి, లేచి, కుర్చీ వెనక్కి జరిపింది.

"సరే సార్. ఎందుకు ఇయ్యరో గదే నా సిస్టంల టైప్ చేసి ఇయ్యున్రి. నేను ఇంటికి పోయి మా అమ్మకు ఇనిపిస్త. లేకపోతే నేనే రాయలేదనుకుంటది."

ఆయన కొంచెం ఇబ్బందిపడ్డారు. అందరూ చూస్తున్నారు. అంతకంటే తేలికైన పనేముందనుకున్నారో ఏమో, కూర్చున్నారు. ఖాళీ పేజీ తెరిచి వేళ్లు కీబోర్డు మీద పెట్టారు. రెండు మూడు పదాలు కొట్టారు.

రేణుక చెయ్యి మానిటర్ అంచు వెంట తడుముతూ కిందికి దిగింది. బటన్ దొరికింది. నొక్కింది. తెర ఆరిపోయింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారాయన.

"సిస్టం ఆన్‌లనే ఉంది సార్. కీబోర్డు పనిచేస్తది. స్క్రీన్ ఒక్కటే లేదు" అంది రేణుక. గొంతు ఎక్కడా పెంచలేదు. "కొట్టున్రి."

హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఆయన ఆ నల్లటి తెర ముందు, కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ఒక అక్షరం కొట్టారు. తప్పు పడిందో ఏమో, చెరిపే మీట కోసం వెతుక్కున్నారు. ఎంత చెరిగిందో తెలియక ఆగిపోయారు. తల తిప్పి నావైపు చూశారు, తర్వాత రెడ్డిగారివైపు చూశారు.

లేచి, కుర్చీని ఆమె చేతికి అందేలా జరిపారు. తన ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి, సర్వర్‌లో రేణుక సమయాన్ని మొదటి నుంచి మొదలుపెట్టారు.